డెల్టాలో బోరు దించే ముందు: ఎవరికి ఏ అనుమతి, ఎంత లోతు, ఎంత తోడాలి

నేను గోదావరి డెల్టాలోని రాజోలు దీవిలో ఫిల్టర్ పాయింట్లు, అంటే ఇసక పొర దాకా దించి జల్లెడ పైపు పెట్టే తక్కువ లోతు బోర్లు, దించే పని చేస్తాను. మా నాన్నది కూడా ఇదే పని. ఇంటికనీ, కొబ్బరి తోటకనీ, రొయ్యల చెరువుకనీ, వాటర్ ప్లాంటుకనీ పిలిచేవాళ్ళు రకరకాలు. అందరూ ముందు అడిగేది మాత్రం ఒకటే: "ఎన్ని అడుగులకి పడుతుందండీ?"

మన దగ్గర ఎక్కడ పొడిచినా నీళ్ళు పడతాయి. చింతలపూడి, కామవరపుకోట వైపు మెట్టలో బోరు ఎండిపోతే ఇంకో వంద అడుగులు దించుకుంటారు. ఇక్కడ బోరు ఎండదు, ఉప్పెక్కుతుంది. లోతుకి పోయేకొద్దీ ఇంకా ఉప్పు. కాబట్టి డెల్టాలో నీళ్ళు కాపాడుకోవడమంటే వాటి తీపిని కాపాడుకోవడమే. అనుమతుల నిబంధనలు కూడా ఆ కన్నుతో చదివితేనే మనకి పనికొస్తాయి.

నేల కింద సంగతి

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య నేలంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. ఒకప్పుడు సముద్రం ఉన్న చోటే మేట వేసుకుంటూ నది ముందుకు జరిగింది. అందుకే తీరానికి బాగా ఎడంగా ఉన్న ఊళ్ళలో కూడా లోతుకి వెళితే పాత సముద్రపు ఉప్పు తగులుతుంది. దాని పైన వాననీరు, కాలవనీరు ఇంకి మంచినీటి పొర ఏర్పడింది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. పాల మీద మీగడలాగా మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి.

దీనికో లెక్క ఉంది. మంచినీటి సాంద్రత 1 అనుకుంటే సముద్రపు నీటిది 1.025. ఆ కొద్దిపాటి తేడా వల్ల, సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఎత్తున నిలిస్తే దాని కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీరే ఉంటుంది. అదే లెక్క తిరగేస్తే భయం వేస్తుంది. మోటార్లు పెట్టి నీటిమట్టాన్ని ఒక అడుగు కిందికి లాగేసి అక్కడే ఉంచితే, కిందనుంచి ఉప్పు 40 అడుగుల దాకా పైకి రావచ్చు. ఒకసారి ఉప్పు ఎక్కిన ఇసక పొర మళ్ళీ తియ్యబడడానికి ఎన్నో వానాకాలాలు కావాలి.

తీరానికి సమాంతరంగా పాత ఇసక మెరకలు ఉంటాయి. మన పాత ఊళ్ళు, కొబ్బరి తోటలు చాలావరకు వాటి మీదే వెలిశాయి. వాన నేరుగా ఇంకేది అక్కడే, నుయ్యి తియ్యగా ఉండేదీ అక్కడే. మెరకల మధ్య పల్లాల్లో బంకమట్టి, అక్కడ వరి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని కింద కాలవలు పారి, ఇవాళ సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు సాగుతోంది. చేలల్లో నిలిచే నీరు, బోదెల్లో, అంటే చిన్న పంట కాలవల్లో, పారే నీరు మన మంచినీటి పొరకి పెద్ద ఆధారం. వేసవిలో కాలవలు కట్టేశాక ఆ ఆధారం పోతుంది. సరిగ్గా అప్పుడే అందరూ మోటార్లు వేస్తారు. అందుకే మీ నీళ్ళ అసలు రంగు మే నెలలో బయటపడుతుంది. కొత్తగా స్థలం కొనేవాళ్ళు, తోట కౌలుకి తీసుకునేవాళ్ళు పక్కవాళ్ళ బోరు నీళ్ళని ఆ నెలలోనే పరీక్ష చేయించుకోవాలి. ఆగస్టులో రుచి చూసి మురిసిపోతే లాభం లేదు.

ఎవరికైనా వర్తించే నిబంధనలు

"నా నేల కింద నీళ్ళు నావే" అన్న మాట ఊరికే పుట్టలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం అలాంటి హక్కునే చెబుతుంది. ఆ హక్కుకి మన రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం హద్దులు పెట్టింది. దాంట్లో మనం గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బావులు, బోర్లు అన్నీ నమోదు కావాలి, మోటారు లేనివి కూడా. ప్రజల తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు. తాగునీటి చేతిపంపుకి మాత్రం దీన్నుంచి మినహాయింపు ఉంది. బోరు వేసే రిగ్గు కూడా నమోదై ఉండాలి. భూగర్భ జలాన్ని ఎవరూ ఏ రకంగానూ పాడు చేయకూడదు. పరిస్థితి బాగోలేదని నిపుణులు చెబితే ఒక ప్రాంతంలో తోడడాన్నే ఆరు నెలల వరకు ఆపించే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

దరఖాస్తు మీ ఊరి గ్రామ లేదా వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ పెట్టాలి. అది తహసీల్దారు కార్యాలయానికి వెళుతుంది. అవసరమైన చోట భూగర్భ జల శాఖ వాళ్ళు సాంకేతికంగా చూసి అభిప్రాయం చెబుతారు. పాసుపుస్తకం, 1బి, అడంగల్, ఆధార్, సర్వే నంబరు, ఎక్కడ వేస్తారో చూపే స్థల చిత్రం, ఏ అవసరానికి, ఎన్ని హెచ్‌పీ మోటారు అన్న వివరాలు దగ్గర పెట్టుకోండి. స్థల చిత్రంలో పంచాయతీ ట్యాంకు బోరు, పక్కవాళ్ళ బోర్లు, మీ సెప్టిక్ ట్యాంకు, దగ్గరలో ఉన్న చెరువు అన్నీ గీసి దూరాలు వేయండి. నేను ఎవరికి బోరు వేసినా ముందు ఈ బొమ్మ నా చేత్తో గీసి ఇస్తాను. టేపు పట్టుకుని కొలిస్తే సగం తప్పులు అక్కడే తేలిపోతాయి.

ఏ అవసరానికన్న చోట నిజం రాయండి. తోటకని కాగితం తీసుకుని తర్వాత ఆ బోరు నీళ్ళు ట్యాంకర్లకి అమ్మితే ఆ అనుమతి ఎందుకూ కొరగాదు.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. పాడుబడ్డ బోర్లలో పిల్లలు పడి చనిపోతుంటే 2010లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. బోరు వేసే 15 రోజుల ముందే స్థలం యజమాని అధికారులకి రాతపూర్వకంగా తెలియజేయాలి. పని జరిగే చోట బోర్డు, చుట్టూ కంచె, పని అయ్యాక కేసింగుకి, అంటే బోరు పై పైపుకి, గట్టి మూత ఉండాలి. మూత ధర ఎంతని? పీవీసీ మూత కూడా లేకుండా గోనెసంచి కట్టి వదిలేసిన బోర్లు చూస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు.

మీ మండలం ఏ వర్గంలో ఉందో తెలుసుకోవడం కూడా మంచిది. ఏడాదికి ఇంకే నీటిలో 70 శాతం లోపు వాడుకుంటే సురక్షితం, 70 నుంచి 90 వరకు పాక్షిక సంక్లిష్టం, 90 నుంచి 100 వరకు సంక్లిష్టం, 100 దాటితే మితిమీరి తోడేసినట్టు. ఉప్పునీటి మండలాలది వేరే వర్గం. కేంద్ర భూగర్భ జల మండలి, హైదరాబాద్ ఐఐటీ కలిసి తయారు చేసిన ఇన్‌గ్రేస్ పోర్టల్‌లో ఇవి ఎవరైనా చూడొచ్చు. కానీ ఒక మాట. కాలవల పుణ్యమా అని డెల్టాలో "సురక్షితం" అని కనబడడం మామూలే. ఆ మాట నీటి పరిమాణం గురించి మాత్రమే. మీ పెరట్లో ఏ అడుగు దగ్గర ఉప్పు మొదలవుతుందో అది చెప్పదు.

ఇంటి అవసరానికి

ఇంటికి ఒరల నుయ్యి కుదిరితే దాన్ని మించింది లేదు, ముఖ్యంగా మెరక మీద. నుయ్యి పైపైన తేరిన నీటిని తీసుకుంటుంది, కిందనున్న ఉప్పుని కదపదు. స్థలం లేకపోతే చేతిపంపు, లేదా అర హెచ్‌పీ మోటారుతో చిన్న పాయింటు చాలు. మన వైపు పాయింట్లు సాధారణంగా 20 నుంచి 60 అడుగుల లోపే ఉంటాయి. మంచి ఇసక ఏ లోతులో తగిలితే అక్కడే ఆగండి. "ఇంకో రెండు పైపులు దించండి, ఎలాగూ డబ్బులిస్తున్నాం కదా" అంటారు కొందరు. ఆ రెండు పైపులే ఉప్పుకి దారి.

పంచాయతీ ట్యాంకు బోరుకి 250 మీటర్ల లోపు మీ ఇల్లు ఉంటే, మోటారు బోరుకి ముందే అనుమతి అడగండి. సెప్టిక్ ట్యాంకుకీ పాయింటుకీ కనీసం 50 అడుగుల ఎడం ఉంచండి. ఇసక నేలలో మురుగు త్వరగా పాకుతుంది.

తాగే నీటికి భారతీయ ప్రమాణం ప్రకారం టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 2,000 వరకు సరే. క్లోరైడుకి ఆ హద్దులు 250, 1,000. జేబులో పట్టే టీడీఎస్ మీటరు ఉప్పు సంగతి చెబుతుంది గానీ సూక్ష్మజీవుల సంగతి చెప్పదు. తాగేటట్టయితే ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే.

కొబ్బరి తోట, వరి చేను

భూగర్భ జలం తోడడం మీద 2020 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో వ్యవసాయానికి, ఇంటి తాగునీటికి ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం, అక్కర్లేదని ఉంది. అది విని "రైతుకి ఏ కాగితమూ అక్కర్లేదంట" అనుకుంటారు. వాల్టా నమోదు, కొత్త బోరుకి అనుమతి, కరెంటు కనెక్షనుకి విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లో దరఖాస్తు ఇవన్నీ వేరు. వ్యవసాయ బోరుకి వాల్టా కాగితం చేతిలో ఉంటే కరెంటు పని కూడా సాఫీగా సాగుతుంది.

తోటలో పాయింటు దించేటప్పుడు నేను చేసే పని చెబుతాను, మీరు దగ్గరుండి చూసుకోండి. పైపు దిగేకొద్దీ నీళ్ళతోపాటు మట్టి పైకి వస్తుంది. ప్రతి ఐదడుగులకీ ఆ మట్టి ఒక గుప్పెడు తీసి గోనెపట్టా మీద వరసగా పోస్తాను. మొదట గోధుమ రంగు ఒండ్రు, తర్వాత సన్న ఇసక, ఆ తర్వాత ముతక ఇసక వస్తే ప్రాణం లేచొస్తుంది. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడాలి. దాని కింద నీలం కలిసిన నల్ల బంకమట్టి మొదలై, అందులో చిన్న చిన్న గుల్లలు మెరిసి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళు వాసన వచ్చిందంటే అది పాత సముద్రపు అడుగు. ఇంక దించకూడదు. దించిన పైపుని కూడా ఐదారు అడుగులు పైకి లాగి, ఆ కన్నాన్ని బంకమట్టి ఉండలతో కూరేసి, ముతక ఇసక ఉన్న మేర మాత్రమే జల్లెడ పైపు నిలబెడతాను.

ఒకసారి సఖినేటిపల్లి వైపు ఒక తోటలో పెద్దావిడ, వరసకి నాకు పిన్ని, నిలబడి అంతా చూశారు. "అబ్బాయీ, మన పక్క తోటాయన ఐదు హెచ్‌పీ పెట్టాడు. నువ్వేమో మూడు చిన్న పాయింట్లంటావు. అదే నీళ్ళకి మూడు కన్నాలెందుకురా?" అన్నారు. "ఒక్క చోటనుంచి గట్టిగా లాగితే కింద ఉప్పు కుప్పలా పైకి లేచి వచ్చేస్తది పిన్నీ. మూడు చోట్లనుంచి మెల్లిగా లాగితే అది లేవదు" అన్నాను. మూడింటినీ ఒకే పైపుకి కలిపి రెండు హెచ్‌పీ మోటారు పెట్టాం. పాయింటుకీ పాయింటుకీ మధ్య కాస్త ఎడం ఉండాలి, మూడింటి లోతూ ఒకటే ఉండాలి. ఆ తోట ఇప్పటికీ తియ్యగానే తాగుతోంది.

మరీ ఇసక నేలల్లో దొరువులు మన పెద్దవాళ్ళకి తెలిసినవే. ఇసకలో పల్లంగా గొయ్యి తీస్తే పైపొర మంచినీరు ఊరి చేరుతుంది, కుండలతో ముంచి పోసేవారు. బాపట్లలో ఉప్పునీటి వాడకం మీద పనిచేసే పరిశోధకులు దాన్నే మెరుగుపరిచారు. నేలలోపల అడ్డంగా జల్లెడ పైపులు పరిచి, మధ్యన ఒక బావిలోకి పైపొర నీటిని చేర్చి తోడతారు. తీరం పక్కన కూరగాయలు, పూలు పండించేవాళ్ళకి నిలువు బోరు కన్నా ఇదే మేలు.

తోడిన నీరు ఎలా వాడుతున్నామన్నదీ అంతే ముఖ్యం. కొబ్బరికి తోటంతా ముంచి పెట్టడం మానండి. చెట్టు చుట్టూ పళ్ళెం తీసి, అందులో కొబ్బరి డొక్కలు బోర్లించి పరిచి మట్టి కప్పితే తేమ చాలాకాలం నిలుస్తుంది. డ్రిప్పుకి రాష్ట్ర సూక్ష్మ సేద్య పథకం ఏపీఎంఐపీ ద్వారా రాయితీ వస్తుంది. తోటలో కోకో, అరటి వేసేవాళ్ళు అంబాజీపేట పరిశోధన కేంద్రానికి వెళ్ళి నీటి షెడ్యూలు అడిగి రాయించుకోండి. దాళ్వాలో, అంటే రబీ వరిలో, కాలవనీటికి వంతులు వచ్చినప్పుడు శివారు చేలకి బోరు తప్పదు, నిజమే. అప్పుడు తడి, ఆరుతడి పద్ధతిలో పెట్టండి. చేలో నిలవు నీళ్ళు లేకపోయినా కొన్నాళ్ళు వరికి ఏమీ కాదు, పూత, పాలు పోసుకునే దశల్లో మాత్రం ఆరనివ్వకండి. నేలలో ఉప్పు మీటరుకి 3 డెసీసీమెన్లు (ఉప్పుని విద్యుత్ వాహకతతో కొలిచే ప్రమాణం) దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. బోరు నీటిలో ఒక డెసీసీమెన్ అంటే టీడీఎస్ సుమారు 640. కొబ్బరి అంతకన్నా ఓర్చుకుంటుంది, అలాగని కొబ్బరికి పోసిన ఉప్పు ఆ నేలని వదిలిపోదు.

రొయ్యల చెరువులు

ఈ విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. రొయ్యలకి ఉప్పునీళ్ళు కావాలని లోతు బోరు దించి, అడుగున నిద్రపోతున్న ఉప్పుని పైకి తోడి, తియ్యటి నేల మీద చెరువుగా నిలబెడితే ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? గట్టు కిందనుంచి పక్క చేలోకి, పక్క తోటలోకి, చివరికి నూతిలోకి. రాత్రిపూట వచ్చి వేసి పొమ్మని, ఎంతడిగితే అంత ఇస్తామని నన్ను అడిగినవాళ్ళున్నారు. నేను వేయలేదు, వేయను కూడా.

చట్టం కూడా ఇక్కడ స్పష్టంగానే ఉంది. రొయ్యల సాగుకి భూగర్భ జలం వాడకూడదని 1996 డిసెంబరు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నుంచీ నిబంధనగా ఉంది. 2005లో తీరప్రాంత ఆక్వా సాగు అథారిటీ చట్టం వచ్చింది. దాని కింద చెరువు నమోదు కావాలి, నీరు ఏటి నుంచో ఉప్పుటేరు నుంచో తీసుకోవాలి. 5 హెక్టార్లు దాటిన సాగుకి వాడిన నీటిని శుద్ధి చేసే చెరువు తప్పనిసరి. తీరానికి ఎడంగా ఉండే మంచినీటి చెరువులకి 2020లో రాష్ట్ర ఆక్వా అభివృద్ధి అథారిటీ చట్టం వచ్చింది. దరఖాస్తు మత్స్య శాఖ ద్వారా వెళుతుంది, రెవెన్యూ, నీటిపారుదల, భూగర్భ జల శాఖల అభిప్రాయం తీసుకుంటారు. నిజాయితీగా సాగు చేసేవాళ్ళు ఈ దారిన వెళ్ళాలి. చెరువు అడుగున బంకమట్టి గట్టిగా పొదగాలి, గట్టుకీ పక్కవాడి హద్దుకీ మధ్య ఊటకాలవ తీసి దాన్ని మురుగు కాలవలోకి కలపాలి, సాగునీటి బోదెలోకి చుక్క వదలకూడదు.

పక్కన చెరువు వచ్చి మీ నుయ్యి ఉప్పెక్కుతుంటే ఊరికే గొడవపడకండి, రుజువులు పోగేయండి. నెలకోసారి ఒకే రోజున, ఒకే వేళకి టీడీఎస్ చూసి తేదీతో రాయండి. వెనకటి రీడింగులు ఉంటే మరీ మంచిది. చెరువు సర్వే నంబరు, మీ నూతికి దూరం రాయండి, లోతు బోరు కనిపిస్తే ఫోటో తీయండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. ఆక్వా వ్యర్థాలతో భూగర్భ జలాన్ని పాడు చేయకూడదని వాల్టాలోనే ఉంది, ఆ మాట అర్జీలో రాయండి. ఒక్కరి అర్జీ కన్నా ఆ బోదె కింద రైతులందరి సంతకాలున్న అర్జీ త్వరగా కదులుతుంది.

వాటర్ ప్లాంట్లు, మిల్లులు, కట్టడాలు

కేంద్ర మార్గదర్శకాల్లో రోజుకి 10 ఘనపు మీటర్ల లోపు, అంటే 10,000 లీటర్ల లోపు తోడే సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి మినహాయింపు ఉంది. వాటర్ ప్లాంటు పెట్టేవాళ్ళు ఇక్కడే లెక్క తప్పుతారు. రోజుకి 20 లీటర్ల డబ్బాలు 500 అమ్మితే 10,000 లీటర్లే కదా అంటారు. ఆర్వో మిషను సగం నీళ్ళని బయటికి వదిలేస్తే తోడింది 20,000. లెక్కలోకి వచ్చేది తోడినదే, అమ్మినది కాదు. మన రాష్ట్రానికి సొంత చట్టం ఉంది కాబట్టి, ఆ మినహాయింపులో ఉన్నా లేకపోయినా వాల్టా అనుమతి ముందు అడగాలి. తాగునీళ్ళు అమ్మేవాళ్ళకి ఆహార భద్రత లైసెన్సు వేరే.

రోజుకి 10 ఘనపు మీటర్లు దాటితే మీటరుతోపాటు ఆవరణలో నీటిమట్టం చూసే పీజోమీటరు పెట్టాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. 100 దాటితే నీటి ఆడిట్ చేయించాలి, మూడేళ్ళలో వాడకం 20 శాతం తగ్గించాలి. ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఇది ముందే చూసుకోవాలి. ఆర్వో వదిలిన నీళ్ళని పక్కన గొయ్యి తీసి ఇంకించకండి. అది రెండింతలు ఉప్పెక్కిన నీరు. డబ్బాల మొదటి కడుగుకి, మరుగుదొడ్లకి వాడి, మిగిలింది ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలి అనుమతిలో రాయించుకోండి.

అమలాపురం, భీమవరం లాంటి పట్టణాల్లో సెల్లారు తవ్వేటప్పుడు రాత్రింబవళ్ళు మోటార్లు వేసి ఊటనీరు తోడేస్తారు. అది కూడా భూగర్భ జలం తోడడమే. వానాకాలం కాకుండా ఎండాకాలం చివర తవ్వితే ఊట తక్కువ ఉంటుంది. అసలు డెల్టాలో సెల్లారు వద్దని నా సలహా.

పంచాయతీల సంగతి రెండు మాటల్లో చెబుతాను. కాలవలు కట్టేసే ముందే మంచినీటి చెరువు నిండా పట్టుకోవాలి. ట్యాంకు బోరు చుట్టూ 250 మీటర్ల గీత గీసిన పటం సచివాలయం గోడకి అంటించాలి.

తోడేటప్పుడు మీటరు చేతిలో ఉండాలి

కొత్త పాయింటుకి మొదటి వారంలోనే ఈ పరీక్ష చేయండి. మోటారు వేసిన ఐదు నిమిషాలకి ఒక గ్లాసు పట్టి టీడీఎస్ చూడండి. తర్వాత ప్రతి అరగంటకీ ఒకసారి, మూడు గంటల పాటు. అంకె కదలకపోతే ఆ వేగం సరిపోయింది. మొదటి అంకె మీద ఐదో వంతు పెరిగితే అక్కడితో ఆపేయండి. మీ పాయింటు ఒక విడతలో ఇవ్వగలిగింది అంతే. రెండు గంటలు తోడి, నాలుగు గంటలు వదిలేసి, మళ్ళీ తోడండి. కరెంటు ఉంది కదా అని తొమ్మిది గంటలూ వేసి ఉంచకండి. ఆటోమేటిక్ స్టార్టరు పెట్టి ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, దాని పక్కన టైమరు కూడా పెట్టించండి.

ఇదే పరీక్ష ఏటా మే నెలలో చేసి నోటుబుక్కులో రాసుకోండి. అంకె ఏటికేడు పెరుగుతుంటే వచ్చే వేసవికి మోటారు హెచ్‌పీ తగ్గించండి, లేదా పాయింటు పైకి లాగించండి. లోతు మాత్రం పెంచకండి.

వాన నీళ్ళు: గుంత ఎక్కడ, ట్యాంకు ఎక్కడ

ఇంకుడు గుంతలు అన్ని చోట్లా ఒకేలా తవ్వించడం చూస్తే నాకు బాధేస్తుంది. పల్లంలో బంకమట్టి నేలలో జూలైకల్లా నీరు నేలకి జానెడు కిందే ఉంటుంది. అక్కడ గుంత తవ్వితే దోమలు తప్ప ఏమీ పెరగవు. ఇసక మెరక మీద మాత్రం గుంత బంగారం. అక్కడ డాబా నీటిని ముతక ఇసక, గులకరాళ్ళ వడపోత గుండా నూతిలోకే వదలొచ్చు. మొదటి వాన రెండు మూడు జల్లుల నీరు బయటికి పోనిచ్చి, ఆ తర్వాత నీటినే మళ్ళించండి. వాకిట్లో పారే నీటిని మాత్రం ఎప్పుడూ నూతిలోకి వదలకండి.

పల్లంలో ఇళ్ళకి ట్యాంకే దారి. 1,000 చదరపు అడుగుల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 4,600 లీటర్లు. అలాంటి వాన ఒక్కటి 5,000 లీటర్ల ట్యాంకుని దాదాపు నింపేస్తుంది. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకి మనిషికి ఐదు లీటర్లు వేసుకున్నా రోజుకి 25, నిండు ట్యాంకు 200 రోజులొస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో నింపి మూత బిగిస్తే ఎండాకాలం దాకా డబ్బా నీళ్ళు కొనే పని ఉండదు. ట్యాంకుకి వెలుతురు తగలకూడదు, గాలి గొట్టానికి దోమతెర కట్టాలి.

పాడైన బోరు మూసే పద్ధతి

ఉప్పెక్కిందని వదిలేసిన బోరు పైపు తుప్పు పట్టినా, పగిలినా దాని గుండా కింది ఉప్పు పై పొరలోకి ఊరుతూనే ఉంటుంది. మీరు మోటారు వేయకపోయినా పక్కవాళ్ళ మోటారు దాన్ని లాగుతుంది. కాబట్టి దాన్ని పూర్తిగా మూయాలి. ముందు మోటారు, పైపులు బయటికి తీయండి. కేసింగు వస్తే అదీ తీసేయండి. అడుగునుంచి బంకమట్టిని పిడికెడు ఉండలుగా చేసి ఒక్కొక్కటే వదులుతూ, ప్రతి ఐదారు అడుగులకీ ఇనుప కడ్డీతో దిమ్మిస చేయండి. ఇసక, తోట చెత్త వేయకండి, వాటి సందుల్లోంచి నీరు పాకుతుంది. పైన చివరి పదడుగులు సిమెంటు, నీళ్ళు చిక్కగా కలిపి పోసి నింపండి. ఒక రాత్రి ఆరాక మట్టం దిగితే మళ్ళీ పోయండి. పని అయ్యాక ఫోటో తీసి, సర్వే నంబరుతో సచివాలయంలో ఇచ్చి, వాల్టా నమోదులో ఆ బోరు మూసేసినట్టు రాయించుకోండి. కొత్త పాయింటుకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ కాగితం కూడా జత చేయండి.